పాత రైఫిలు మీది చిన్న ముద్రలు

మీ ఇంట్లో అమ్మమ్మ కాలంనాటి ఇత్తడి బిందె గానీ, పాత స్టీలు గిన్నె గానీ ఉందా? ఉంటే దాని అంచు దగ్గర ఒకసారి జాగ్రత్తగా చూడండి. చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు కనబడవచ్చు. ఒక పేరు, ఒక తేదీ, ఒక ఊరు. ఆ గిన్నె ఎవరి పెళ్ళిలో చదివింపులకు వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో ఆ నాలుగు అక్షరాలే చెబుతాయి. ఏళ్ళ తరబడి బూడిదతో, చింతపండుతో తోమగా తోమగా ఆ అక్షరాలు అరిగిపోయాయనుకోండి. గిన్నె మిగులుతుంది. దాని కథ మాత్రం పోతుంది.

పాత లోహపు వస్తువుల చరిత్ర తెలుసుకొనేవారు ఇలాంటి అక్షరాల కోసమే వెతుకుతారు. ఈసారి మనం అటువంటి వస్తువునొకదాన్ని పరిశీలిద్దాం. అది జర్మనీలో తయారైన పాత 'చిన్న బోరు' క్రీడా రైఫిలు. దాన్ని ఎవరు చేశారో, ఎక్కడ, ఎప్పుడు చేశారో ఎలా కనిపెడతారు? దానికి విలువ ఎలా కడతారు?

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. చిన్నదైనా పెద్దదైనా తుపాకి ప్రాణాలు తీయగలదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే రైఫిలు ఉంచుకోకూడదు. పాత ఇంట్లో ఎక్కడైనా తుపాకి కనబడితే ముట్టుకోకుండా పెద్దలకు చెప్పాలి. వారు పోలీసులకు తెలియజేస్తారు. కాబట్టి ఈ రైఫిలును విప్పే పని నిపుణుడిది. మనం దూరంగా నిలబడి చూస్తున్నామనుకుందాం. నిపుణుడు కూడా మొట్టమొదట చేసే పని దానిలో తూటా లేదని నిర్ధారించుకోవడమే. ముద్రలు చదవడం ఆ తరువాతి పని.

చిన్న బోరు అంటే?

తుపాకి గొట్టం లోపలి రంధ్రాన్ని 'బోరు' అంటారు. మనం చూస్తున్న రైఫిళ్ళ బోరు 0.22 అంగుళం. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు కదా. హెచ్చవేయండి. 5.588 వస్తుంది. అందుకే జర్మన్లు దీన్ని 5.6 మిల్లీమీటర్ల తూటా అంటారు. అయితే జర్మన్ గొట్టం మీద మీకు '5,6' అని కనబడుతుంది. ఐదు, ఆరు అని రెండు సంఖ్యలనుకొని పొరబడకండి. జర్మన్లు దశాంశ బిందువుకు బదులు కామా వాడతారు.

ఇంత చిన్న తూటాలకు దారి చూపినవాడు పారిస్ నగరపు ఫ్లోబెర్ట్. 1845లో ఆయన ఇంటి గదిలో గురి సాధన చేయడానికి పనికివచ్చే చిన్న తూటాను రూపొందించాడు. జర్మనీలో అటువంటి తేలికపాటి తుపాకులను 'టెషింగ్' అనేవారు. తరువాత 1887లో అమెరికాలో '.22 లాంగ్ రైఫిల్' అనే తూటా వచ్చింది. నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది అదే. 'లాంగ్ ఫ్యూర్ బ్యుక్సెన్' అనే జర్మన్ మాటలు గొట్టం మీద ఉంటే ఆ రైఫిలు ఈ తూటా కోసం చేసినదని అర్థం.

రైఫిలు గొట్టం లోపల నున్నగా ఉండదు. మరమేకు మీది మరల్లాగా మెలితిరిగిన గాడులుంటాయి. ఈ తూటాకు చేసిన గొట్టాల్లో సాధారణంగా ప్రతి 16 అంగుళాలకు, అంటే సుమారు 40.6 సెంటీమీటర్లకు, గాడి ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. గుండు సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. 330ని 0.406తో భాగించి చూడండి. గుండు సెకనుకు దాదాపు 810 సార్లు తన చుట్టూ తాను తిరుగుతోందన్నమాట! తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడినట్లే, తిరిగే గుండు పల్టీలు కొట్టకుండా తిన్నగా పోతుంది.

పరీక్షలో నెగ్గిన గుర్తు

కిరాణా కొట్టులో తూనికరాయిని తిరగేసి చూడండి. దాని మీద తూనికల శాఖవారి ముద్ర ఉంటుంది. 'ఈ రాయిని మేము సరిచూశాం' అని దాని అర్థం. తుపాకులకు కూడా ఇటువంటి ముద్రలున్నాయి.

తూటా పేలినప్పుడు గొట్టంలో పుట్టే వాయువుల పీడనం చాలా ఎక్కువ. ఈ చిన్న తూటాలో కూడా అది వాతావరణ పీడనానికి సుమారు 1,600 రెట్ల దాకా పోతుంది. ఉక్కులో కంటికి కనబడని పగులు ఉంటే గొట్టం పేల్చేవాడి ముఖం ముందే పగిలిపోతుంది. అందుకని ప్రతి కొత్త తుపాకినీ ప్రభుత్వ పరీక్షాశాలలో మామూలు కంటే బలమైన తూటాతో పేల్చి చూస్తారు. తట్టుకొని నిలిచిన దాని మీదే ముద్ర వేస్తారు. జర్మనీలో ఈ పరీక్షను 1891లో చేసిన చట్టం తప్పనిసరి చేసింది. అది 1893లో అమలులోకి వచ్చింది.

ఈ ముద్రలు చాలావరకు గొట్టం అడుగున, చెక్క కింద దాగి ఉంటాయి. నిపుణుడు మరలు విప్పి చెక్క భాగాన్ని వేరు చేసినప్పుడే అవి బయటపడతాయి. చిన్న కిరీటం, దాని కింద ఒక అక్షరం. 'బి' ఉంటే పేల్చి పరీక్షించారని అర్థం. 'యు' ఉంటే పరీక్ష తరువాత తనిఖీ చేశారని, 'జి' ఉంటే గొట్టంలో గాడులున్నాయని అర్థం. 'ఎన్' ఉంటే పొగలేని మందుతో పరీక్షించారని అర్థం. పొగలేని మందును 1884లో ఫ్రాన్సు దేశీయుడు పాల్ వియై కనిపెట్టాడు. అది పాత నల్లమందు కంటే శక్తిమంతమైనది. కాబట్టి ఈ 'ఎన్' చాలా ముఖ్యమైన గుర్తు.

ఇక్కడొక చిత్రం ఉంది. జర్మన్ చక్రవర్తి 1918లో సింహాసనం వదులుకున్నాడు. దేశం రిపబ్లిక్ అయింది. కానీ తుపాకుల మీద మాత్రం కిరీటం అలాగే ఉండిపోయింది. పాత చట్టం మారకపోవడమే కారణం. 1939లో కొత్త చట్టం వచ్చాకనే కిరీటం స్థానంలో గద్ద బొమ్మ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పశ్చిమ జర్మనీ కూడా గద్దనే వాడింది, కొంచెం రూపు మార్చి. తూర్పు జర్మనీలోని జూల్ పట్టణంలో మాత్రం యుద్ధం తరువాత కూడా కొంతకాలం కిరీటం కనబడుతుంది. అందువల్ల ఒక్క ముద్ర చూసి తీర్పు చెప్పకూడదు. రెండు మూడు ఆధారాలు ఒకే మాట చెప్పాలి.

తేదీలు, సంకేతాలు

కొన్ని ముద్రలు తేదీనే చెబుతాయి. 1920లు, 1930లలో జూల్, ట్సెల్లా-మేలిస్ పట్టణాల్లో పరీక్షించిన చాలా తుపాకుల మీద '3 34' వంటి అంకెలుంటాయి. మొదటిది నెల, రెండోది సంవత్సరం. అంటే 1934 మార్చి.

యుద్ధం తరువాత పశ్చిమ జర్మనీలో అంకెలకు బదులు అక్షరాలు వాడారు. ఎ అంటే 0, బి అంటే 1, సి 2, డి 3, ఇ 4, ఎఫ్ 5, జి 6, హెచ్ 7, ఐ 8, కె 9. ఐ తరువాత జె రావాలి కదా, దాన్ని వదిలేశారు. 'హెచ్ ఇ' అని ఉంటే 74, అంటే 1974. పక్కనే పరీక్షాశాల గుర్తు కూడా ఉంటుంది. జింక కొమ్ము ఉంటే అది ఉల్మ్ నగరపు పరీక్షాశాల.

ఇంకా కొన్ని పొడి అక్షరాలున్నాయి. 'డి. ఆర్. పి.' అంటే జర్మన్ సామ్రాజ్యపు పేటెంటు. అటువంటి పేటెంట్లు 1877లో మొదలయ్యాయి. 'డి. ఆర్. జి. ఎం.' అంటే నమోదైన నమూనా. అది 1891లో మొదలైంది. కాబట్టి ఈ అక్షరాలున్న వస్తువు అంతకు ముందుది కాజాలదు. 'మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ' అని ఉంటే ఆ వస్తువు 1949కి, 1990కి మధ్య తయారైనదని మీరే చెప్పగలరు. ఎందుకంటే పశ్చిమ జర్మనీ అనే పేరు ఆ కాలానిదే.

ఊరి పేరే క్యాలెండరు

జర్మనీ నడిబొడ్డున థురింజియా అనే అడవి ప్రాంతం ఉంది. అక్కడి కొండల్లో ఇనుము, బొగ్గుల కోసం కలప, వేగంగా పారే వాగులు ఉండేవి. అందుచేత కొన్ని వందల ఏళ్ళుగా అక్కడ కమ్మరులు, తుపాకులు చేసేవారు స్థిరపడ్డారు. జూల్, ట్సెల్లా, మేలిస్ అక్కడి ఊళ్ళే.

కార్ల్ వాల్టర్ 1886లో తన పనిశాల పెట్టినప్పుడు ఆ ఊరి పేరు ట్సెల్లా సాంక్ట్ బ్లాజీ. పక్కనే మేలిస్ ఉండేది. 1919లో ఈ రెండూ కలిసి ట్సెల్లా-మేలిస్ అనే ఒకే పట్టణమయ్యాయి. 1945లో జర్మనీ ఓడిపోయింది. థురింజియాను మొదట అమెరికన్ సేనలు పట్టుకున్నాయి. అదే సంవత్సరం జులైలో ఆ ప్రాంతం సోవియట్ సేనల చేతికి వచ్చింది. వాల్టర్ కుటుంబం పశ్చిమానికి తరలిపోయింది. కొన్నేళ్ళకు డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న ఉల్మ్‌లో మళ్ళీ కర్మాగారం నిలబెట్టింది. 1856లో మేలిస్‌లో మొదలైన ఆన్‌షుట్జ్ సంస్థ కూడా అలాగే వెళ్ళి, 1950లో ఉల్మ్‌లో కొత్తగా పని ప్రారంభించింది.

ఇప్పుడు ఆలోచించండి. వాల్టర్ పేరు పక్కన ట్సెల్లా సాంక్ట్ బ్లాజీ అని ఉంటే ఆ తుపాకి 1919కి ముందుది. ట్సెల్లా-మేలిస్ అని ఉంటే 1919కి, 1945కి మధ్యది. ఉల్మ్ అని ఉంటే యుద్ధం తరువాతిది. ఏ అంకె లేకపోయినా ఊరి పేరే కాలం చెప్పింది కదూ!

ఒక పేరు మాయమైన కథ

అన్ని ముద్రలూ ఇంత సాదాగా ఉండవు. కొన్నిటి వెనక అన్యాయం కూడా దాగి ఉంటుంది.

1856లో జూల్ పట్టణంలో సిమ్‌సన్ అనే యూదు కుటుంబానికి చెందిన అన్నదమ్ములు ఒక సంస్థ స్థాపించారు. తుపాకులు, సైకిళ్ళు, మోటారు కార్లు చేసి అది పెద్ద సంస్థగా ఎదిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద 1919లో వెర్సయ్ సంధి ఎన్నో ఆంక్షలు పెట్టింది. సైన్యం లక్షమందిని మించకూడదు. పాఠశాలలు, గురి సాధన సంఘాలు తమ సభ్యులకు సైనిక శిక్షణ ఇవ్వకూడదు. ఆ రోజుల్లో జర్మన్ సైన్యానికి చిన్న ఆయుధాలు చేయడానికి సిమ్‌సన్ సంస్థకు అనుమతి ఉండేది.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. 1934లో 'జర్మన్ క్రీడా నమూనా' అనే పేరుతో ఒక చిన్న బోరు రైఫిలు వెలువడింది. పేరు క్రీడదే. కానీ దాని పొడవు, ఆకారం, బోల్టు తీరు సైనికుల రైఫిలును పోలి ఉంటాయి. చవక తూటాతో సైనిక రైఫిలు పట్టడం నేర్పడమే దాని పని. నాజీల యువజన సంఘం మీ వయసు పిల్లలకు కూడా చిన్న బోరు రైఫిళ్ళతో గురి నేర్పింది. కొన్నేళ్ళకు వారిలో చాలామంది యుద్ధరంగానికి వెళ్ళారు.

ఇక సిమ్‌సన్ కుటుంబం సంగతి? యూదులైన కారణంగా 1935లో వారిని నిర్బంధించి, కర్మాగారాన్ని బలవంతంగా లాక్కున్నారు. వారు దేశం విడిచి వెళ్ళిపోయారు. ఆ కర్మాగారానికి 1936లో 'బెర్లిన్-జూల్ ఆయుధ, వాహన కర్మాగారం' అని పేరు పెట్టారు. రైఫిళ్ళ మీద 'బి ఎస్ డబ్ల్యు' అనే అక్షరాలు వచ్చాయి. తరువాత ఒక నాజీ నాయకుడి పేరుతో అది 'గుస్ట్‌లోఫ్' కర్మాగారమైంది.

అదే ఊరు, అదే కర్మాగారం, చాలావరకు అవే యంత్రాలు. గొట్టం మీద మాత్రం సిమ్‌సన్, బి ఎస్ డబ్ల్యు, గుస్ట్‌లోఫ్ అని మూడు పేర్లు. మూడింటినీ వరసగా పెట్టి చూస్తే ఒక కుటుంబాన్ని ఎలా దోచుకున్నారో ఉక్కు మీదే రాసి ఉంటుంది. ఆ అక్షరాలను ఎవరైనా అరగదీస్తే, ఆ సాక్ష్యాన్ని చెరిపినట్లే.

వెల కట్టడం ఎలా?

'వందేళ్ళ నాటిదండీ, చాలా ఖరీదు చేస్తుంది' అని పాత వస్తువు గురించి చెప్పడం వింటుంటాం. వయసు ఒక్కటే విలువ కాదు. వేల సంఖ్యలో తయారైన మామూలు టెషింగ్ ఎంత పాతదైనా తక్కువ ధరే పలకవచ్చు. నిపుణుడు వరసగా నాలుగు ప్రశ్నలు వేసుకుంటాడు.

మొదటిది: ఇది ఏమిటి? ముద్రలన్నీ కలిపి చదివి తయారీదారు, నమూనా, కాలం తేలుస్తాడు.

రెండోది: భాగాలన్నీ మొదటివేనా? జర్మన్ పనివారు గొట్టం మీద ఉన్న వరుస సంఖ్యను, లేదా దాని చివరి అంకెలను, బోల్టు వంటి భాగాల మీద కూడా వేసేవారు. అవి కలవకపోతే బోల్టు వేరే రైఫిలుదన్నమాట. విలువ తగ్గుతుంది. ఒకదానికొకటి సరిపడని భాగాలు ప్రమాదం కూడా.

మూడోది: ఏ స్థితిలో ఉంది? గొట్టం లోపల వెలుతురు వేసి చూస్తాడు. చాలా పాత రైఫిళ్ళలో గుంటలు కనబడతాయి. పూర్వపు తూటాల్లో నిప్పు పుట్టించే మిశ్రమంలో పొటాషియం క్లోరేటు ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడు మిగులుతుంది. మనం తినే ఉప్పు వర్షాకాలంలో చెమ్మగిల్లడం చూశారుగా. ఇదీ ఆ జాతి లవణమే. గాలిలోని తేమను పట్టి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. 1920ల చివరలో తుప్పు పట్టించని మిశ్రమాలు జర్మనీలో వాడుకలోకి వచ్చాయి.

నాలుగోది: ఇటువంటివి ఎన్ని మిగిలాయి, వీటిని కోరేవారు ఎందరు? అరుదైనదైనా అడిగేవారు లేకపోతే ధర రాదు.

తోమితే ఏమవుతుంది?

పాత రైఫిలు దొరికినవారు తరచు చేసే పొరపాటు ఒకటుంది. గరుకు కాగితం తీసుకొని తళతళ మెరిసేలా రుద్దుతారు. అంతటితో విలువలో చాలా భాగం పోతుంది. ఎందుకు?

తుపాకి గొట్టానికి ఉండే నీలి నలుపు రంగు పెయింటు కాదు. అది కూడా ఒక విధమైన ఇనుప ఆక్సైడే. పూర్వపు పనివారు గొట్టానికి కావాలనే పలచగా ఎర్రతుప్పు పట్టించి, దాన్ని మరిగే నీళ్ళలో ఉంచేవారు. అప్పుడు ఎర్రతుప్పు నల్లని మాగ్నటైటుగా మారుతుంది. దాన్ని మెత్తగా రుద్ది మళ్ళీ తుప్పు పట్టించేవారు. ఇలా చాలాసార్లు చేస్తే గట్టి పొర ఏర్పడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. మీ తలవెంట్రుక దానికంటే ఎన్నో రెట్లు లావు. గరుకు కాగితం దాన్ని క్షణంలో ఊడ్చేస్తుంది. ముద్రల అంచులు మొద్దుబారతాయి. మళ్ళీ నల్లరంగు వేసినా, ఆ గుండ్రబడ్డ అంచులు చూసి నిపుణుడు సంగతి పట్టేస్తాడు.

పూర్తిగా చెరిపేసిన సంఖ్యను కూడా ఒక్కోసారి చదవవచ్చు. సుత్తితో ముద్ర కొట్టినప్పుడు అక్షరం కింద ఉన్న లోహం కూడా నలుగుతుంది. పైభాగం అరగదీసినా నలిగిన లోహం లోపల మిగిలే ఉంటుంది. దాని మీద తగిన ఆమ్లద్రావణం పూస్తే, నలిగిన చోట, నలగని చోట చర్య వేరువేరుగా జరుగుతుంది. పాత అంకెలు నీడల్లా పైకి తేలుతాయి. నేర పరిశోధన ప్రయోగశాలల్లో ఈ పద్ధతిని వాడతారు.

ఇక మీరు చెప్పండి

కింద మూడు రైఫిళ్ళ వివరాలున్నాయి. జవాబులు చూడకముందు మీరే ఆలోచించండి.

ఒకటి: వాల్టర్, ట్సెల్లా-మేలిస్. కిరీటం కింద ఎన్. '5 31'.

రెండు: ఆన్‌షుట్జ్, ఉల్మ్. గద్ద కింద ఎన్, జింక కొమ్ము, 'జి ఎఫ్'.

మూడు: వాల్టర్, ఉల్మ్. కిరీటం, '3 29'.

మొదటిది 1931 మే నెలలో పరీక్షించినది. ఊరు, కిరీటం, తేదీ మూడూ కలిశాయి. రెండోది 1965 నాటిది. మూడోదాన్ని మాత్రం నమ్మకండి. 1929లో వాల్టర్ కర్మాగారం ఉల్మ్‌లో లేనే లేదు. ఎవరో రెండు రైఫిళ్ళ భాగాలు కలిపి ఉండాలి, లేదా దొంగముద్ర వేసి ఉండాలి.

చిన్న బోరు రైఫిలు ఈనాడు మళ్ళీ అసలైన క్రీడలోనే కనబడుతోంది. 2024 పారిస్ ఒలింపిక్సులో మన దేశానికి చెందిన స్వప్నిల్ కుసాలె 50 మీటర్ల రైఫిలు పోటీలో కంచు పతకం గెలిచింది ఈ 5.6 మిల్లీమీటర్ల బోరుతోనే. ఆ పోటీలో పది మార్కులు వచ్చే వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, మీ చొక్కా గుండీ అంత!

రైఫిలు మీ చేతికి రాకపోవచ్చు. రావలసిన అవసరమూ లేదు. కానీ మీ ఇంట్లో పాత గిన్నె, గోడ గడియారం, కుట్టుమిషను, తూనికరాయి ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని తోమేముందు దాని మీది అక్షరాలన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఊరి పేరు, సంఖ్య, బొమ్మ ఏదీ వదలకండి. తరువాత ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, ఆ వస్తువు ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. వారి మాటా, లోహం మీది మాటా కలుస్తున్నాయేమో సరిచూడండి.